చిమ్నీ తిరుగుతూనే ఉంది, పొగ మాత్రం వంటింట్లోనే ఉంది: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

అనంతపురంలో ఎండుమిరపకాయల తిరగవాత వేస్తే ఆ ఘాటు వీధి గుమ్మం దాకా వస్తుంది. చిమ్నీ పెట్టించాక కూడా అలాగే వస్తుంటే, మోటారు పోయిందనుకుని మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. మోటారు అంత త్వరగా పోదు. లోపలికి గాలి వచ్చే దారో, పొగ బయటికి పోయే గొట్టమో మూసుకుని ఉంటుంది. డబ్బు పెట్టే ముందు పది నిమిషాల పరీక్ష ఒకటి చేసి చూడండి.

స్టవ్ ఆర్పి, చిమ్నీని ఎక్కువ స్పీడులో పెట్టండి. దినపత్రిక కాగితం ఒకటి సగానికి చింపి ఫిల్టరుకు ఆనించి వదలండి. అంటుకుని నిలిస్తే లాగుడు బాగున్నట్టే. జారి పడితే వంటింటి తలుపో కిటికీయో తెరిచి మళ్లీ ఆనించండి. ఇప్పుడు నిలిచిందంటే లోపం చిమ్నీలో లేదు, గదిలోకి గాలి రావడం లేదు. ఇంకా పడిపోతుంటే ఫిల్టరు తీసి, వెలిగించిన అగరొత్తిని జానెడు కింద పట్టుకుని పొగ ఎటు పోతుందో చూడండి. ఫిల్టరు తీసిన చోట కాగితం పెట్టొద్దు, రెక్కల్లోకి పోతుంది. పొగ సర్రున పైకి పోతే ఫిల్టరే మూసుకుపోయింది. పోకపోతే చిమ్నీ నెత్తిన ఉన్న గొట్టాన్ని విప్పి మళ్లీ చూడండి. అప్పుడు లాగితే గొట్టంలో అడ్డం ఉంది. అప్పటికీ లాగకపోతేనే మోటారు సంగతి చూడాలి.

గదిలోకి గాలి రావడం లేదు

పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తున్న వంటింట్లో పట్టేది సుమారు 20 ఘనపు మీటర్ల గాలి. చిమ్నీ గంటకు 600 ఘనపు మీటర్లు బయటికి తోస్తే, రెండు నిమిషాలకొకసారి ఆ గది గాలి మొత్తం మారాలి. అంత గాలి ఎక్కడి నుంచి రావాలి? ఆషాఢంలో దుమ్ముగాలి లేస్తుందని కిటికీలు బిగించి, తలుపు వేసుకుని వంట చేస్తే మోటారు ఊరికే గుయ్‌మంటుంది.

స్టవ్‌కు దూరంగా, ఎదురుగోడకున్న కిటికీని నాలుగు వేళ్లు తెరిచి పెడితే చాలు. దుమ్ము భయముంటే ఆ కిటికీకి దోమతెర వేయించి వారానికొకసారి దులపండి. మసి పట్టిన దోమతెర కూడా గాలిని ఆపుతుంది. స్టవ్ పక్కనే ఉన్న కిటికీని మాత్రం వంట సేపు మూసే ఉంచాలి, లేకపోతే అడ్డగాలి పొగను పక్కకు తోసేస్తుంది. సీలింగ్ ఫ్యానుదీ ఇదే తంతు. మే నెలలో ఫ్యాను లేకుండా వంటింట్లో నిలబడమంటే ఎవరి వల్లా కాదు, నిజమే. అందుకని ఫ్యాను మానొద్దు, టేబుల్ ఫ్యానును స్టవ్ అంచు కన్నా కిందుగా, మీ కాళ్ల వైపు తిప్పి పెట్టుకోండి.

గొట్టంలో పోతున్న బలం

చిమ్నీకి ఎంత వెడల్పు గొట్టం అని కంపెనీ రాసిందో అంతే ఉండాలి. సాధారణంగా అది ఆరంగుళాలు. గోడకు కొట్టిన రంధ్రం చిన్నదైందని నాలుగంగుళాల పీవీసీ పైపు తగిలించి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వెడల్పు ఆరు నుంచి నాలుగుకు తగ్గితే గాలిదారి సగం కూడా మిగలదు, 44 శాతమే ఉంటుంది. రంధ్రం పెంచడం తప్ప దీనికి మందు లేదు.

ముడుచుకునే అల్యూమినియం గొట్టమైతే పూర్తిగా సాగదీసి అవసరమైనంతే కోయాలి. మిగిలింది ముడతలుగా లోపల కుక్కితే ప్రతి ముడతలోనూ నూనె చేరుతుంది. గొట్టం పది అడుగులు దాటకుండా, మలుపులు రెండుకు మించకుండా చూడండి. మధ్యలో వేలాడిన చోట నూనె గుంటకడుతుంది, అక్కడ పట్టీ వేసి పైకి ఎత్తి కట్టాలి. గోడలో నుంచి పోయే భాగం బయటి వైపుకు కొంచెం వాలి ఉంటే వాననీళ్లు లోపలికి రావు. అతుకులకు ఇనుప క్లిప్పు, దాని మీద అల్యూమినియం టేపు వేయాలి. ప్లాస్టిక్ టేపు వేడికి ఊడిపోతుంది.

బయటి మూతను నిచ్చెన వేసుకుని ఒకసారి చూడండి. పావురాయి గూడు, కందిరీగల తుట్టె, పెయింటు వేసినప్పుడు అతుక్కుపోయిన రెక్కలు, వీటిలో ఏదో ఒకటి కనబడుతుంది. జాలీ వేయించాలనుకుంటే అరంగుళం కళ్లున్నది వేయించండి. దోమతెరంత సన్ననిదైతే రెండు నెలల్లో జిడ్డుతో పూడిపోతుంది.

ఆఫ్ చేశాక బయటి గాలి, దుమ్ము లోపలికి వస్తుంటే

జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర పడమటిగాలి ఎంత బలంగా వీస్తుందో రామగిరి కొండల మీది గాలిమరలను చూస్తే తెలుస్తుంది. గొట్టం నోరు పడమర గోడకు ఉంటే ఆ గాలి పొగకు ఎదురు తోస్తుంది. కొత్తగా కట్టే ఇల్లయితే తూర్పుకో ఉత్తరానికో నోరు పెట్టించండి. కట్టేసిన ఇంటికి, కిందికి వంగిన మూత గానీ, గాలికి తనంతట తానే మూసుకునే రెక్కల మూత గానీ బిగించాలి. చిమ్నీ నెత్తిన గొట్టం తగిలే చోట రెండు ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. చిమ్నీ ఆగగానే అవి మూసుకోవాలి. జిడ్డుకు తెరుచుకునే ఉండిపోతే తుడవండి. బిగించేటప్పుడు స్క్రూ మొన తగిలి మూసుకునే ఉండిపోతే మాత్రం కొత్త చిమ్నీ అయినా మొదటి రోజు నుంచే లాగదు.

స్టవ్ మీదికి నూనె కారుతోంది

ముందు నూనె గిన్నె చూడండి. ఆటోక్లీన్ చిమ్నీ అంటే తనను తానే కడుక్కుంటుందని నమ్మేవాళ్లు ఈ గిన్నెనే మర్చిపోతారు. ఆటోక్లీన్ చేసేదల్లా లోపలి జిడ్డును వేడితో కరిగించి ఆ గిన్నెలోకి దించడం. గిన్నె నిండితే పొంగి స్టవ్ మీదికే వస్తుంది. పదిహేను రోజులకొకసారి ఆటోక్లీన్ నడిపి, చల్లారాక గిన్నె ఖాళీ చేయండి. బజ్జీలు, ఓళిగలు ఎక్కువగా చేసే ఇంట్లో వారానికొకసారి చూసుకోవాలి. వేడికి గట్టిపడి బంకగా మారిన పాత శెనక్కాయ నూనె ఆటోక్లీన్‌కు లొంగదు. దాన్ని విప్పి చేత్తో గీకాల్సిందే.

గిన్నె ఖాళీగానే ఉండి కారుతుంటే చిమ్నీ ముందుకు వాలి ఉందేమో నీటిమట్టం గొట్టంతో చూడండి. అది కూడా సరిగ్గా ఉంటే ఫిల్టరు నిండిపోయినట్టు.

ఫిల్టరు కడగడం

వంపు పలకల స్టీలు ఫిల్టరును మూడు వారాలకొకసారి, జాలీ పొరల ఫిల్టరును వారం పది రోజులకొకసారి కడగాలి. స్టీలుదైతే వెడల్పు తొట్టిలో బాగా వేడినీళ్లు పోసి, లీటరుకు ఒక పెద్ద చెంచా చాకలి సోడా, కొంచెం గిన్నెలు తోమే ద్రవం కలిపి అరగంట నానబెట్టి బ్రష్షుతో రుద్దండి. అల్యూమినియం జాలీకి సోడా తగలనివ్వొద్దు, నల్లబడి పొడిపొడిగా రాలుతుంది. దానికి వేడినీళ్లు, తోమే ద్రవం చాలు. కాస్టిక్ సోడా అయితే ఒక్కసారికే తినేస్తుంది.

మన బోరు నీళ్లు గట్టివి, నురగ సరిగా రాదు, ఆరాక తెల్లచారలు మిగులుతాయి. చివరి కడుగుకు తాగే నీళ్లు ఒక చెంబెడు వాడి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. ఆ చారలకు వెనిగరో నిమ్మరసమో రాసేటప్పుడు కింద గట్టు మీద పడనివ్వకండి. మన వంటింటి గట్టు చాలా ఇళ్లలో కడప బండే, అది సున్నపురాయి. పులుపు పడిన చోట మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది, ఎంత రుద్దినా పోదు.

తడి ఆరకుండా ఫిల్టరును తిరిగి పెట్టొద్దు.

చప్పుడు పెరిగింది

కొత్తలో లేని ఊగుడు, దడదడ వస్తుంటే మోటారు చుట్టూ తిరిగే రెక్కల చక్రానికి జిడ్డు ఒకవైపే పేరుకుని బరువు తప్పింది. ప్లగ్గు పీకి, చక్రం విప్పి వేడి సబ్బునీళ్లలో నానబెట్టి కడగాలి. కొన్ని మోడళ్లలో దాని నట్టు తిరగేసిన మర, కుడికి తిప్పితేనే వదులవుతుంది. బలం చేసి విరగ్గొట్టకండి. రెక్క మీద చిన్న ఇనుప క్లిప్పు ఉంటే పీకొద్దు, బరువు సరిచేయడానికి కంపెనీ పెట్టిందది. చిమ్నీ ఆఫ్‌లో ఉండగా గాలికి టపటపమంటే అది బయటి మూత రెక్కల చప్పుడు, చిమ్నీది కాదు.

గుయ్‌మంటుంది, తిరగదు

ప్లగ్గు పీకి చక్రాన్ని వేలితో తిప్పండి. కరెంటు ఉండగా పుల్లతో నెట్టి చూడడం ప్రాణం మీదికి తెస్తుంది. చక్రం సులువుగా తిరిగితే, మోటారు తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటర్ బలహీనమైందని అనుమానించాలి. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లు, ఎన్ని వోల్టులు అని రాసి ఉందో అదే తేవాలి. ఎక్కువది వేస్తే వేగం పెరుగుతుందని షాపువాడు చెప్పినా వినొద్దు, మోటారు వేడెక్కుతుంది. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు కాబట్టి ఆ పని ఎలక్ట్రీషియన్‌కే వదలండి. చక్రం బిగుసుకుని ఉంటే జిడ్డో, మోటారు ఇరుసు తిరిగే బుష్ అరుగుదలో.

ఎండాకాలం సాయంత్రాలు మాత్రమే నెమ్మదిస్తుంటే వోల్టేజీ కొలిపించండి. 230 నుంచి 180కి దిగితే ఈ రకం మోటారు బలం సుమారు 60 శాతానికి పడిపోతుంది. అది చిమ్నీ రిపేరుతో తీరేది కాదు.

టచ్ బటన్లు పలకకపోతే మెయిన్ ఆపి ఐదు నిమిషాలాగి వేయండి, అద్దం మీది జిడ్డు పొడిగుడ్డతో తుడవండి. చాలాసార్లు అంతే.

అన్నీ సరిగ్గా ఉన్నా పొగ పక్కల నుంచి తప్పించుకుంటుంటే

చిమ్నీ స్టవ్ కన్నా చిన్నదై ఉండాలి, లేదా ఎక్కువ ఎత్తున పెట్టి ఉండాలి. స్టవ్ నుంచి చిమ్నీ అడుగుకు 26 నుంచి 30 అంగుళాలు ఉండాలి. అంతకంటే కిందికి దించితే ఫిల్టరు కాగుతుంది, పైకి పోతే పొగ చెదురుతుంది. రెండు పొయ్యిల స్టవ్‌కు 60 సెంటీమీటర్లు, మూడు నాలుగు పొయ్యిలకు 90 సెంటీమీటర్ల చిమ్నీ కొనాలి. డబ్బా మీద గంటకు 1200 ఘనపు మీటర్లని రాసిన అంకె గొట్టం తగిలించకుండా కొలిచింది, మీ గోడ దాటేసరికి అంత రాదు. అందుకే అంకె కన్నా గొట్టం దారి చూసుకుని కొనండి. గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరుతో పనిచేసే రకం వాసన కొంత తగ్గిస్తుంది, వేడిని, ఆవిరిని మాత్రం గదిలోకే తిరిగి వదులుతుంది. మన ఊళ్లో ఎండాకాలానికి అది కొనడం దండగ.

అద్దె ఇల్లయితే, గోడ పగలగొట్టనివ్వకపోతే, స్టవ్ పైని వెంటిలేటర్‌లో తొమ్మిదంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. ఇనుప రెక్కలది తీసుకోండి.

పాత మిద్దెల్లో గవాచి, అంటే పైకప్పులో వదిలిన కంత, ఉండేది, వేడి పొగ తనంతట తానే పైకి పోయేది. వాన పడుతుందని దానికి అద్దం బిగించిన ఇళ్లలో చిమ్నీకి కొత్తగా గోడ కొట్టనక్కర్లేదు. ఆ అద్దం తీసి, వాన పడకుండా మూత పెట్టి, గొట్టాన్ని నిట్టనిలువుగా అందులో నుంచే పంపొచ్చు. మలుపు లేని గొట్టం కన్నా మంచిది లేదు.

గ్యాస్ వాసన వస్తే చిమ్నీ స్విచ్ వేయొద్దు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. పైనున్న చిమ్నీ దాన్ని లాగలేదు సరికదా, స్విచ్‌లో వచ్చే చిన్న మెరుపు చాలు అంటుకోడానికి. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. బాండ్లిలో నూనె అంటుకున్నప్పుడు చిమ్నీ తిరుగుతుంటే మంటను జిడ్డు గొట్టంలోకి లాగుతుంది. చేయి అందుతుంటే స్టవ్, చిమ్నీ రెండూ ఆపి, బాండ్లి మీద మూత పెట్టండి. నీళ్లు మాత్రం పోయొద్దు.