పాత పేరుతో కొత్త వాచీ కొనేముందు

నాది వాచీ రిపేరు కొట్టు. ఈమధ్య కుర్రాళ్లు ఫోన్‌లో ఫొటో చూపించి, "అంకుల్, పాత మోడల్‌నే మళ్లీ తెచ్చారంట, తీసుకోవచ్చా?" అని అడుగుతున్నారు. ధర మీ ఇష్టం. ఆ పేరుకు తగ్గ వాచీ అవునో కాదో ఎలా చూసుకోవాలో మాత్రం చెబుతాను.

ముందు డయల్ మీద వేసిన, కంపెనీ పుట్టిన సంవత్సరాన్ని పక్కన పెట్టండి. 1969 డిసెంబరులో జపాన్ కంపెనీ సీకో వాళ్ల క్వార్ట్జ్ వాచీ, అంటే బ్యాటరీతో నడిచేది, ఆస్ట్రాన్ వచ్చింది. ఆ తర్వాత ఆ పోటీకి తట్టుకోలేక స్విట్జర్లాండ్‌లో చాలా కంపెనీలు మూతపడ్డాయి, కొన్నింటి పేర్లు మాత్రం చేతులు మారుతూ బతికాయి. ఫావ్రే-లూబా 1737 నాటి పేరు. మన దగ్గర పాత ఇళ్ల బీరువాల్లో ఇప్పటికీ వాళ్ల సీ-కింగ్ వాచీలు దొరుకుతాయి. ఆ పేరును 2011లో టైటాన్ కొన్నది, 2023లో అది వాచీల షోరూములు నడిపే ఇథోస్ వాళ్ల చేతికి వెళ్లింది. అందులో తప్పేం లేదు. కాకపోతే పాతది పేరొక్కటే, మిగతాదంతా కొత్తగా బేరీజు వేసుకోవాల్సిందే.

తర్వాత, అసలు పాత వాచీ ఎలా ఉండేదో వెతికి చూడండి. స్విస్ కంపెనీ టిస్సో వాళ్ల పీఆర్ఎక్స్ వాచీ 2021లో మళ్లీ వచ్చినప్పుడు, క్వార్ట్జ్‌ది చూసి "బ్యాటరీ వాచీ కూడా హెరిటేజేనా?" అని మూతి విరిచినవాళ్లున్నారు. 1978 నాటి అసలు వాచీ కూడా క్వార్ట్జే! ఆ లెక్కన పాతదానికి దగ్గరగా ఉన్నది చవకైన క్వార్ట్జే, చెయ్యి కదులుతుంటే తనే చావీ ఎక్కే ఖరీదైన ఆటోమేటిక్ కాదు.

ఇక మెషీన్. నేను ఎక్కువ మార్కులు వేసేది దీనికే. జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీని చూడండి. (మనం తినే హెచ్ఎంటీ బియ్యానికి ఆ పేరు ఈ వాచీ నుంచే వచ్చింది.) వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అయినా వాళ్ల జనతా మోడల్ వాచీ ఆగిపోయిందని ఎవరైనా తెస్తే నాకు టెన్షన్ ఉండదు. చావీ ఇచ్చే 17 జువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) మెషీన్ అది. వాళ్లదే ఇంకో మోడల్ పైలట్‌లోనూ అదే కుటుంబం మెషీన్ కాబట్టి ఒక పాడైన వాచీ ఇంకో రెండింటికి సామాను ఇస్తుంది. విప్పి, కడిగి, ఆయిల్ వేసి, టైము ముందుకో వెనక్కో పోతుంటే బ్యాలెన్స్ (లోపల అటూ ఇటూ ఊగే చక్రం) దగ్గరున్న చిన్న మీటను జరిపితే సరి.

టిస్సో ఆటోమేటిక్‌లలో వేసే పవర్‌మాటిక్ 80 మెషీన్ ఒకసారి పూర్తిగా చావీ ఎక్కితే 80 గంటలు నడుస్తుంది. జనతా రోజున్నర నడిస్తే గొప్ప. కానీ పవర్‌మాటిక్‌లో ఆ మీట ఉండదు, టైమును ఫ్యాక్టరీలోనే లేజర్‌తో సరిచేస్తారు. కొన్ని రకాల్లో ఎస్కేప్‌మెంట్, అంటే టిక్ టిక్‌మంటూ చక్రాలను ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగం, ప్లాస్టిక్ జాతిది. ఏళ్ల తరబడి బాగానే నడవొచ్చు, కానీ వీధి చివర కొట్టులో బాగయ్యే వాచీ కాదు. అందుకే షోరూములో మూడు ప్రశ్నలు అడగండి: మెషీన్ ఎవరిది, సర్వీసింగ్ అంటే విప్పి కడుగుతారా లేక మెషీన్ మొత్తం మారుస్తారా, వారంటీ అయ్యాక ఎంతవుతుంది. మొదటి ప్రశ్నకే నీళ్లు నమిలితే బయటికొచ్చేయండి.

కొలత కూడా చూడండి. పాత మగవాళ్ల వాచీలు చాలావరకు 33 నుంచి 36 మిల్లీమీటర్లే. అదే డయల్‌ను 42కి సాగదీస్తే అంకెల మధ్య ఖాళీ తేలిపోతుంది. కొత్త ముళ్ల మీద కావాలని పూసే ఆ టీ మరక రంగు నాకు అస్సలు నచ్చదు, ముసలితనం తెచ్చిపెట్టుకోవడం ఎందుకో!

ఇవన్నీ విని "పాతదే కొంటా" అంటారా? అయితే ఆన్‌లైన్‌లో కనిపించే రంగురంగుల పైలట్‌లకు దూరంగా ఉండండి. చాలావాటికి డయల్ మళ్లీ రంగేసినదే. భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి, పలచగా అలికినట్టుంటే అది ఫ్యాక్టరీ అచ్చు కాదు. వెనక మూత తీయించి మెషీన్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. 1960ల నాటివో, అంతకు ముందువో అయితే చీకట్లో వెలిగే అంకెలకు రేడియం పూసి ఉండొచ్చు, దాని పొడి ఒంట్లోకి పోతే ప్రమాదం, గాజు విప్పి గోకకండి. ఏ పాత వాచీకైనా వానలో, స్నానంలో చోటు లేదు. ఆ ఒక్క విషయంలో కొత్తదే నయం.