పిల్లల దగ్గర అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులు ఆరోగ్య బీమా ఖర్చును తట్టుకోవడం ఎలా?

పిల్లల్లో ఒకరికి అమెరికా పౌరసత్వం వచ్చి తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తెప్పిస్తే, ఉద్యోగ విరమణ చేసి అరవై అయిదు దాటిన దంపతులు ఇక్కడికి వచ్చి స్థిరపడడం మన కుటుంబాల్లో మామూలైపోయింది. సామాను సర్దుకునేటప్పుడు ఆవకాయ సీసా దగ్గర నుంచి బీపీ మిషను దాకా అన్నీ గుర్తుంటాయి గాని, ఆరోగ్య బీమా సంగతి మాత్రం విమానం దిగాకే గుర్తొస్తుంది. నేనూ నా భార్యా అలా వచ్చినవాళ్లమే. మీరు కట్టబోయే ప్రీమియం ఎంతన్నది చాలావరకు రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: పన్ను రిటర్న్ ఎవరు వేస్తారు, దరఖాస్తు ఏ తేదీలోగా పెడతారు. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను. అంకెలన్నీ 2026 సంవత్సరానివి.

అరవై అయిదు నిండితే మెడికేర్, అంటే అమెరికా ప్రభుత్వం వృద్ధులకిచ్చే ఆరోగ్య బీమా, దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. పార్ట్ ఎ, అంటే ఆసుపత్రి భాగం, ప్రీమియం లేకుండా రావాలంటే మీరో మీ జీవిత భాగస్వామో అమెరికాలో 40 క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్లు, సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉండాలి. అబ్బాయి ఇరవై ఏళ్లుగా కడుతున్నాడు కదా అంటే ఆ లెక్క కొడుకుదే గాని తండ్రికి చెందదు. హైదరాబాదులో ముప్పై అయిదేళ్లు చేసిన ఉద్యోగం కూడా పనికిరాదు; పైగా భారతదేశానికీ అమెరికాకూ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం కూడా లేదు. క్వార్టర్లు లేనివారు మెడికేర్‌ను డబ్బు కట్టి కొనుక్కోవచ్చు, అయితే గ్రీన్ కార్డు ఉండి అమెరికాలో వరుసగా 5 సంవత్సరాలు నివసించిన తరువాతే ఆ అవకాశం వస్తుంది. చాలా రాష్ట్రాల్లో, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు కూడా అయిదేళ్ల నిరీక్షణ ఉంది. న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు సొంత నిధులతో ముందే ఇస్తాయి కాబట్టి అక్కడ ఉండేవారు మొదట తమ రాష్ట్ర నిబంధనలు కనుక్కోవాలి.

మిగిలినవారు ఈ అయిదేళ్లూ గడపడానికి ఉన్న సరైన దారి మార్కెట్‌ప్లేస్, అంటే ప్రైవేటు బీమా ప్లాన్లను ప్రభుత్వ పర్యవేక్షణలో అమ్మే వేదిక, జనం నోట ఒబామాకేర్‌గా నలిగినది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఇక్కడ నిరీక్షణ లేదు. అరవై అయిదు దాటితే మార్కెట్‌ప్లేస్ వర్తించదని కొందరు ఏజెంట్లు కూడా చెబుతారు, అది తప్పు. ప్రీమియం లేని పార్ట్ ఎ కి అర్హత లేనివారు ఏ వయసులోనైనా ఇందులో చేరవచ్చు, ఆదాయాన్ని బట్టి సబ్సిడీ కూడా పొందవచ్చు. మధుమేహం ఉందనో, స్టెంట్ వేయించుకున్నారనో కంపెనీ కాదనడానికి వీల్లేదు, ఆ కారణంగా ఎక్కువ వసూలు చేయడానికీ వీల్లేదు. వయసును బట్టి మాత్రం రేటు పెరుగుతుంది, అదీ 21 ఏళ్లవారి రేటుకు మూడు రెట్లకు మించకూడదు. అయినా సబ్సిడీ లేకపోతే మన వయసువారికి చాలాచోట్ల మనిషికి నెలకు వెయ్యి డాలర్లు దాటుతుంది కాబట్టి, సబ్సిడీ వస్తుందా రాదా అన్నదే అసలు ప్రశ్న.

సబ్సిడీని ఒకే ఇంట్లో ఉండేవారందరి ఆదాయం చూసి లెక్కించరు. ఒకే పన్ను రిటర్న్‌లో ఉన్నవారి ఆదాయం చూసి లెక్కిస్తారు. తల్లిదండ్రులను కొడుకు తన రిటర్న్‌లో డిపెండెంట్లుగా, అంటే తన మీద ఆధారపడినవారిగా, చూపిస్తే అతని జీతం మొత్తం లెక్కలోకి వచ్చి, మనిషికి 500 డాలర్ల పన్ను తగ్గింపు కోసం ఏడాదికి వేల డాలర్ల సబ్సిడీ పోతుంది. తల్లిదండ్రులు తమ రిటర్న్ తామే ఉమ్మడిగా వేసుకుంటే, అదే ఇంట్లో పై గదిలో ఉంటున్నా సరే, వారి ఆదాయం మాత్రమే చూస్తారు. భార్యాభర్తలు ఉమ్మడిగా వేస్తేనే సబ్సిడీ వస్తుందని గుర్తుంచుకోవాలి. పైగా భారతదేశంలో పింఛను ఉన్న తల్లిదండ్రులను డిపెండెంట్లుగా చూపడం చాలాసార్లు చట్టప్రకారం కుదరదు కూడా, ఎందుకంటే డిపెండెంటు స్థూల ఆదాయం ఏడాదికి అయిదు వేల డాలర్ల పైచిలుకు దగ్గరే ఆగిపోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయాన్నయినా ఇక్కడ చూపించాలన్న సంగతి మరిచిపోవడం వల్లనే ఈ పొరపాటు జరుగుతుంది.

2026 నుంచి ఇంకొక మార్పు వచ్చింది. ఇంతకు ముందు గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు నిండని వారికి ఆదాయం దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నా సబ్సిడీ ఇచ్చేవారు. ఇప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. ఇద్దరు సభ్యుల కుటుంబానికి ఈ ఏడాది లెక్కలో ఆ రేఖ 21,150 డాలర్లు, డాలరుకు 90 రూపాయల చొప్పున 19 లక్షల పైచిలుకు. పై హద్దు దానికి నాలుగు రెట్లు, అంటే 84,600 డాలర్లు. అంతకు ఒక్క డాలరు దాటినా సబ్సిడీ పూర్తిగా పోతుంది. మీ ఆదాయం ఈ రెండు గీతల మధ్య ఉండాలి.

ఒక దంపతుల లెక్క వేసి చూద్దాం. భర్తకు నెలకు 80,000, భార్యకు 60,000 రూపాయల పింఛను వస్తుందనుకోండి. ఏడాదికి 16 లక్షల 80 వేలు. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 3 లక్షలు, ఇంటి అద్దెలో ఖర్చులు పోను మిగిలేది 1 లక్ష 80 వేలు. మొత్తం 21 లక్షల 60 వేలు, అదే 90 రూపాయల చొప్పున 24,000 డాలర్లు. ఈ స్థాయిలో వారు, సబ్సిడీ లెక్కకు ప్రమాణంగా తీసుకునే మధ్యస్థాయి ప్లాన్ అయిన బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్‌కు తమ ఆదాయంలో 2.10 శాతం కడితే చాలు: ఏడాదికి 504 డాలర్లు, నెలకు ఇద్దరికీ కలిపి 42 డాలర్లు. ఇదే దంపతుల ఆదాయం 18 లక్షలే అయితే ఒక్క డాలరు కూడా సబ్సిడీ రాదు. ఎక్కువ ఆదాయం చూపినవారికి తక్కువ ప్రీమియం పడడం మొదట నాకూ నమ్మశక్యం కాలేదు. అందుచేత అద్దె, డిపాజిట్ల వడ్డీ, భారతదేశంలో పన్ను లేని పీపీఎఫ్ వడ్డీ, ఇలా ఉన్నదంతా పైసాతో సహా నిజాయితీగా రాయండి; ఇక్కడ అది మీకే మేలు. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు దొరుకుతుంది. ఏడాది మధ్యలో వచ్చినవారు మొదటి సంవత్సరం మొత్తానికీ అమెరికా నివాసులుగా ఎంచుకుని ఉమ్మడి రిటర్న్ వేయవలసి ఉంటుంది కాబట్టి, రెండు దేశాల పన్నులూ తెలిసిన సీపీఏకు, అంటే లైసెన్సు ఉన్న అకౌంటెంటుకు, ఆ ఒక్క ఏడాదైనా ఫీజు ఇవ్వడం దండుగ కాదు.

ఆదాయం తక్కువగా ఉన్నవారు, ప్రీమియం తక్కువగా ఉండి సొంత ఖర్చు ఎక్కువ పడే బ్రాంజ్ ప్లాన్ ప్రీమియం సున్నా అని చూసి మోసపోకూడదు. దారిద్ర్య రేఖకు ఒకటిన్నర రెట్ల లోపు ఉన్నవారికి డిడక్టిబుల్ (బీమా చెల్లింపు మొదలయ్యే ముందు మనం పెట్టుకోవలసిన మొత్తం), కోపేలు (ప్రతి చికిత్సకూ మనం కట్టే వాటా) బాగా తగ్గించే అదనపు సాయం సిల్వర్ ప్లాన్లలో మాత్రమే ఉంది.

పై హద్దు దగ్గర మనవాళ్లకు ఎదురయ్యే ప్రమాదం స్థలాల అమ్మకం. ఊరి చివర ఎప్పుడో కొన్న ప్లాటుకు మంచి బేరం వచ్చిందని అమ్మేస్తే, ఆ లాభం కూడా ఆ ఏటి ఆదాయంలో కలుస్తుంది. 84,600 దాటితే ఏడాది పొడవునా కంపెనీకి ముందుగా చెల్లించిన సబ్సిడీని పన్ను వేళ వెనక్కి కట్టాలి. 2026 నుంచి ఈ తిరిగి చెల్లింపుకు పరిమితి కూడా ఎత్తేశారు. అమ్మక తప్పదంటే, ఏ సంవత్సరంలో రిజిస్ట్రేషన్ పెట్టుకోవాలో ముందే సీపీఏతో మాట్లాడుకోవాలి.

ఇక తేదీల విషయం. శాశ్వత నివాసిగా ఇక్కడ అడుగు పెట్టిన రోజు నుంచి 60 రోజుల లోపు మార్కెట్‌ప్లేస్‌లో చేరవచ్చు. అది దాటితే నవంబరు 1న మొదలయ్యే వార్షిక నమోదు దాకా ఆగాలి, బీమా జనవరిలో గాని మొదలు కాదు. ప్లాస్టిక్ కార్డు పోస్టులో వచ్చేదాకా ఎదురు చూడనక్కర్లేదు. పాస్‌పోర్టులో ఇమిగ్రెంట్ వీసా మీద పడిన ముద్రే ఆధారంగా సరిపోతుంది. కొత్తగా వచ్చినవారికి ఈ దేశంలో క్రెడిట్ చరిత్ర ఉండదు కనుక ఆన్‌లైన్‌లో గుర్తింపు పరీక్ష తరచుగా తప్పుతుంది. మాకూ అదే జరిగింది. అమ్మాయి వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, నేను ఎప్పుడూ ఉండని వీధుల పేర్లలో నా పాత చిరునామా ఏదో చెప్పమని అడిగే ప్రశ్నలతో గంటసేపు కుస్తీ పట్టింది. కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి పాస్‌పోర్టు ప్రతి అప్‌లోడ్ చేస్తే పని జరిగింది. బీమా మరుసటి నెల ఒకటో తేదీ నుంచే అమలవుతుంది, అదీ మొదటి నెల ప్రీమియం కడితేనే. ఆ మధ్య కాలానికి ఒక నెల ట్రావెల్ పాలసీ తీసుకోవాలి.

అయితే ఆ ట్రావెల్ పాలసీలనే ఏళ్ల తరబడి నెట్టుకు రావడం సరికాదు. వీటిలో పాత జబ్బులకు చికిత్స ఉండదు. ఉన్నా, హఠాత్తుగా ముదిరినప్పుడు మాత్రమేనన్న షరతుతో, వయసు పెరిగేకొద్దీ తగ్గే పరిమితితో ఉంటుంది. మాకు తెలిసిన ఒక పెద్దాయనకు ఛాతీలో నొప్పి వస్తే, బీపీ మందులు వాడుతున్నారు కనుక అది పాత జబ్బేనని కంపెనీ బిల్లు తోసేసింది. బిల్లు చేతికొచ్చినప్పుడు కంగారుపడకుండా, ఆ ఆసుపత్రి లాభాపేక్ష లేనిదైతే ఆర్థిక సహాయం కోసం దరఖాస్తు అడగాలి. అటువంటి విధానం లిఖితపూర్వకంగా ఉంచడం వాటికి చట్టపరమైన బాధ్యత. బీమా లేని రోజుల్లో మామూలు డాక్టరు అవసరానికి ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి.

ఆరు నెలలు అబ్బాయి దగ్గర, ఆరు నెలలు అమ్మాయి దగ్గర ఉండేవారు ప్లాన్ ఒప్పుకునే డాక్టర్లు, ఆసుపత్రుల జాబితా, అంటే నెట్‌వర్క్ చూసుకోవాలి. డాలస్ ప్లాన్ న్యూజెర్సీలో అత్యవసరానికి తప్ప సాధారణంగా పనికిరాదు.

భారతదేశంలోని పాలసీని వదిలేయవద్దు. అది ఇక్కడ చెల్లకపోయినా, పళ్ల చికిత్సకూ శుక్లాల ఆపరేషనుకూ మనం విజయవాడో హైదరాబాదో వెళ్లడం మామూలే. మధ్యలో ఆపేసి మళ్లీ కొత్తగా తీసుకుంటే పాత జబ్బుల నిరీక్షణ కాలం, ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు, మళ్లీ మొదలవుతుంది. కొత్త పాలసీ తీసుకోవడానికి ఉన్న 65 ఏళ్ల వయో పరిమితి 2024 ఏప్రిల్ నుంచి పోయింది, వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, వృద్ధులకు ఏడాదిలో 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే కంపెనీలు నియంత్రణ సంస్థను సంప్రదించాలి. రెన్యూవల్ తేదీ అమెరికాలో ఉండగా జారిపోకుండా బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టండి.

అయిదో సంవత్సరం దగ్గర పడుతున్నప్పుడు మళ్లీ లెక్క వేయాలి. మెడికేర్ కొనుక్కుంటే పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు, పార్ట్ బి, అంటే డాక్టర్ల భాగం, 202.90, మనిషికి మొత్తం 767.90, మందుల ప్లాన్ అదనం. పై ఉదాహరణలో దంపతులు నెలకు 42 డాలర్లతో బాగానే ఉన్నారు కాబట్టి, పార్ట్ ఎ లో చేరనంతకాలం మార్కెట్‌ప్లేస్‌లోనే కొనసాగవచ్చు. సబ్సిడీ రాని వారికి మెడికేర్ చౌక కావచ్చు. అయితే ఆలస్యంగా చేరితే పార్ట్ బి ప్రీమియం మీద ప్రతి నిండు సంవత్సరానికి 10 శాతం జరిమానా పడుతుంది, అది జీవితాంతం ఉంటుంది. ఆదాయమూ ఆస్తీ బాగా తక్కువైనవారికి ఈ ప్రీమియాలను రాష్ట్రమే కట్టే పథకాలున్నాయి. స్పాన్సర్ చేసిన పిల్లల ఆదాయం కూడా చూసే వీలుంది కాబట్టి ముందే అడగాలి.

ఓపిక ఉన్నవారు చిన్న ఉద్యోగం చేయడం కూడా కలిసొచ్చే పనే. ఏడాదికి 7,560 డాలర్లు సంపాదిస్తే నాలుగు క్వార్టర్లు వస్తాయి. 30 చేరితే పార్ట్ ఎ 311 డాలర్లకు తగ్గుతుంది, 40 చేరితే ఉచితం. ఒకరు సంపాదించుకున్నా అరవై అయిదు నిండిన రెండోవారికీ వర్తిస్తుంది.

మెడికేర్ నమోదు కాలం అయిదేళ్లు నిండే నెలకు మూడు నెలల ముందు మొదలై, ఆ నెల తరువాత మూడు నెలల దాకా ఉంటుంది. మీరు ఇక్కడికి వచ్చిన తేదీకి నాలుగేళ్ల తొమ్మిది నెలలు కలిపి ఆ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి; మనవరాలి ఓణీల ఫంక్షనుకో, స్వగ్రామంలో ఇంటి మరమ్మతుకో వెళ్లినా, ఒక్కో ప్రయాణం 6 నెలలకు మించకుండా తిరిగి వస్తే ఆ తేదీ మారదు.