పడమటి గోడకు ఊపిరాడే చర్మం తొడగడం ఎలా?

మే నెలలో రాత్రి ఎనిమిదింటికి అమలాపురంలో ఏ డాబా ఇంట్లోనైనా పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. పొద్దు గుంకి గంటన్నర దాటినా పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంటుంది. మధ్యాహ్నమంతా తాగిన ఎండను ఆ గోడ అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఆ గదిలో ఏసీ పెడితే కరెంటు బిల్లు మనం కట్టేది గోడను చల్లార్చడానికే.

అదే ఎండలో నిలబడ్డ మన ఒళ్లు మాత్రం 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చర్మం అంత పనిమంతురాలు. అదంతా పల్చటి పొరలు, ఒక్కో పొరకు ఒక్కో పని. పైన రంగు ఎండను పట్టి ఆపుతుంది. లోపల రక్తనాళాలు వేడికి విచ్చుకుంటాయి, చలికి ముడుచుకుంటాయి. ఇరవై లక్షలకు పైగా చెమట గ్రంథులుంటాయి. పై పొర రాలిపోతుంటే కిందనుంచి కొత్తది వస్తుంటుంది. మన గోడేమో ఒక్కటే మందపాటి పొర. ఎండా, వానా, చెమ్మా, గాలీ అన్నీ దాని నెత్తినే.

చర్మాన్ని చూసి గోడ కడదామనుకునే ముందు ఒక మెలిక ఉంది. ఒక లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. కానీ ఆరితేనే! గోదావరి జిల్లాల్లో మేలో చొక్కా వీపుకి అంటుకుపోవడమే తప్ప ఆరడం ఎక్కడ? పడమటి గాడ్పు కొట్టే నాలుగు రోజులు వట్టివేళ్ల తడికలు తడిపితే ఇల్లు చల్లబడుతుంది. సముద్రపు గాలి మళ్లిందంటే అవే తడికలు గదిని ఆవిరి కుడుముల గిన్నె చేస్తాయి. కాబట్టి గోడలోంచి నీళ్లు కార్చే డిజైన్లు రాజస్థాన్‌కి వదిలేద్దాం. మనం చర్మం దగ్గర నేర్చుకోవాల్సింది నీడ, పొరల మధ్య గాలి, తెరిచి మూసే రంధ్రాలు.

ముందు గోడ మీద ఎండను గుర్తు పెట్టండి

ఒక ఆదివారం సుద్దముక్క పట్టుకుని కూర్చోండి. గంట గంటకీ ఎండ ఎక్కడ పడుతోందో గీత గీయండి. మనకో సౌకర్యం ఉంది: దేశమంతటి గడియారాలకీ ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతుంది. అందుకే మన గడియారంలో పన్నెండైతే పొద్దు ఇంచుమించు నడినెత్తినే ఉంటుంది, లెక్క తప్పదు. మే నడుమ సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో, ఐదింటికి 19 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంత కిందనుంచి కొట్టే ఎండను రెండడుగుల సన్‌షేడ్ ఏం ఆపుతుంది?

చాలామంది మరిచిపోయేది ఉత్తరపు గోడ. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అయితే బాగా నెత్తి మీదుంటాడు కనుక దానికి చిన్న చూరు చాలు. మన కష్టమంతా పడమర గోడతోనే.

రెండో పొరను గోడకు ఎడంగా నిలపండి

నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. గోడకు రెండంగుళాల ఎడంతో వెదురు తడికలు బిగించాం. పని చివర్లో మేస్త్రి, "పైన అలా వదిలేస్తే ఉడతలు దూరతాయండీ, మూసేస్తాను" అన్నాడు. "ఆయ్, మూసెయ్యి" అన్నాను. వారం తర్వాత తడిక వెనక చెయ్యి పెడితే ఇటుక బట్టీలో పెట్టినట్టే ఉంది. తడిక ఎండను ఆపింది నిజమే. కానీ తాను కాగి, ఆ వేడిని మూసి ఉన్న సందులో గోడకే అప్పజెప్పింది.

ఎడం కనీసం అర అడుగు ఉండాలి. అడుగైతే చీపురు పెట్టి తుమ్మెద గూళ్లు దులుపుకోవచ్చు. కింద, పైన పూర్తిగా తెరిచి ఉంచాలి. వేడెక్కిన గాలి పైకి పోతూ కిందనుంచి చల్లగాలిని లాక్కుంటుంది. ఉడతల భయం ఉంటే అరంగుళం కన్నుల వల కొట్టండి, సిమెంటు మాత్రం పెట్టకండి.

ఇక పొర దేనితో? కొత్తగా కడుతుంటే ఇటుక జాలీ, అంటే మధ్య మధ్య రంధ్రాలు వదిలి కట్టే ఇటుక గోడ, అంత మంచిది లేదు. మనలాగే ఉక్కపోసే తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలు ఇటుక జాలీలతోనే ఊపిరి పీలుస్తాయి. లెక్క తేలికే. రంధ్రం ఎత్తు మూడంగుళాలు, జాలీ మందం నాలుగున్నర అయితే 34 డిగ్రీల పైనున్న ఎండ జాలీ దాటి రాదు, అంటే మేలో నాలుగింటి దాకా నిశ్చింత. మందం తొమ్మిదంగుళాలు చేస్తే ఐదింటి దాకా. రంధ్రం అడుగు భాగాన్ని బయటికి వాలుగా పూయించండి, లేకపోతే జల్లు కొట్టినప్పుడల్లా నీళ్లు లోపలికే.

పాత ఇంటికి జాలీ వద్దు. మన బంకమట్టి నేలలో పునాది లేకుండా పక్కన బరువు పెడితే అది ఒరుగుతుంది. దానికి చెక్కపలకలు మేలు. చేవ ఉన్న తాటి పలకలు దొరికితే మంచిది. మూడంగుళాల పలకను బయటి అంచు కిందికి ఉండేలా 45 డిగ్రీలు వాల్చి, రెండంగుళాలకొకటి చొప్పున బిగించండి. పొద్దు గుంకేదాకా నేరుగా ఎండ రాదు, వాన బయటికే జారిపోతుంది, గాలి మాత్రం వస్తుంది.

పాదు పాకిస్తే సరిపోదా అంటారు కొందరు. ఆకు కూడా చర్మమే, దాని రంధ్రాలు ఏ యంత్రానికీ తీసిపోవు. కానీ చిక్కుడు పాదు సంక్రాంతికి దట్టంగా ఉండి, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. నీడ కావాల్సినప్పుడే ఉండదు.

రంధ్రాలు ఎక్కడ?

దక్షిణపు గాలి వచ్చే వైపు మంచం ఎత్తున ఒకటి, ఎదుటి గోడలో పైకప్పు దగ్గర ఇంకొకటి. బయటికి పోయేది లోపలికి వచ్చేదానికంటే చిన్నది కాకూడదు. తలుపు దగ్గర అగరబత్తి వెలిగించి పట్టుకుంటే పొగ ఎటు పోతోందో చూసి ఇది తేల్చుకోవచ్చు. దోమల వల తప్పదు, అది గాలిని బాగా తగ్గిస్తుంది. అందుకే కిటికీ చట్రానికే కొట్టకుండా, చుట్టూ అడుగు పెద్దదైన చట్రం చేయించి లోపలివైపు వల బిగించండి. వల పెద్దదైతే నష్టం తగ్గుతుంది.

తెరవడం, మూయడం

వానాకాలంలో తలుపులు బిగుసుకుపోయి భుజంతో తోయడం మనకు తెలిసిందే. చెక్క తేమ తాగి ఉబ్బుతుంది. అంతర్వేది తీరాన సరుగుడు కాయ ఆరగానే నోళ్లు తెరిచి గింజలు రాల్చేదీ ఇలాంటి గుణంతోనే. స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్ట్ అఖిమ్ మెంగెస్ బృందం ఈ గుణాన్నే పట్టుకుంది. 2012లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రంలో మోటారు, సెన్సారు ఏదీ లేకుండా, గాలిలో తేమను బట్టి తనంత తానే తెరుచుకుని మూసుకునే పల్చటి చెక్క రేకుల నిర్మాణం పెట్టింది. చూడముచ్చటే. మన దగ్గర మాత్రం వాన లేని ఉక్కపోతలో తెరిచి ఉండాలి, వాన జల్లులో మూసుకోవాలి. రెండు పూటలా తేమ ఒక్కటే! ఆ తేడా చెక్కకు తెలియదు, ఇంట్లో అమ్మమ్మకు తెలుస్తుంది. చేత్తో లాగే రెక్కలే పెట్టించండి.

పూత

గోడ బయట రబ్బరులాంటి పెయింటు వేస్తే కిందనుంచి ఎక్కే చెమ్మ బయటికి పోలేక పూత పెచ్చులుగా ఊడుతుంది. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే ఊళ్లు ఎన్నో. పాత ఇటుక గోడలకు గుల్ల సున్నం వేయండి. అది చెమ్మను పోనిస్తుంది, తెల్లగా ఉండి ఎండను తిప్పికొడుతుంది. ఏటా కొంత రాలుతుంది, ఏటా సంక్రాంతికి మళ్లీ వేస్తాం. చర్మం చేసేదీ అదే, కాకపోతే దానికి నెల చాలు.

తుఫాను

కోనసీమను తుఫాను ఊడ్చేసిన 1996 నవంబరు 6 రాత్రిని చూసినవాళ్లు గోడ మీద ఏం తగిలించాలన్నా రెండుసార్లు ఆలోచిస్తారు. సందులున్న తెర మూసిన రేకు కంటే తక్కువ గాలి పడుతుంది, అయినా తెర తెరే. మొత్తం ఒకే చట్రంగా కాకుండా ఇద్దరు మోయగలిగే ముక్కలుగా చేయించండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి, ఉప్పు గాలికి మామూలు ఇనుము నాలుగేళ్లు కూడా ఆగదు. మా ఇంట్లో ఆరు ముక్కలు. విప్పి వసారాలో పడుకోబెట్టడానికి ఇద్దరికి ముప్పావుగంట పడుతుంది. ఏటా అక్టోబరు మొదట్లోనే ఒకసారి విప్పి, బిగించి చూసుకోండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు స్పానర్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.