తేదీకి బైబిల్ వచనం చూడడం ఎలా? 4-4-2022తో ఒక లెక్క

పెళ్లిరోజుకో, గృహప్రవేశానికో బైబిల్లో ఏ వచనం వస్తుందో చూసుకునేవాళ్లున్నారు. చూసుకోవచ్చు. కాకపోతే పద్ధతి ప్రకారం చూడాలి.

తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. రోజు ముందు పెట్టినా, నెల ముందు పెట్టినా 4:4 (4వ అధ్యాయం, 4వ వచనం) వస్తుంది, పేచీ లేదు. చిత్తూరు జిల్లా పుట్టిన 1911 ఏప్రిల్ 1కి అలా కుదరదు. 1:4 తీయాలా, 4:1 తీయాలా? అందుకే బైబిల్ తెరవకముందే కాగితం మీద రాసుకోండి: అధ్యాయం నెలా, రోజా? ఏయే పుస్తకాలు? తెరిచాక నిర్ణయిస్తే నచ్చిన మాటే దొరుకుతుంది. నెలను అధ్యాయంగా తీసుకోవడం మేలు. 31వ తేదీకి 31వ అధ్యాయం వెతికితే చాలా పుస్తకాల్లో ఉండదు.

తర్వాత దొరికినవన్నీ వరుసగా రాయండి. 66 పుస్తకాల్లో 4వ అధ్యాయం ఉన్నవి 53. అంటే ఈ ఒక్క తేదీకి 53 వచనాలు! ఫిలిప్పీ 4:4 ప్రభువునందు ఆనందించమంటుంది. యాకోబు 4:4 వ్యభిచారిణులారా అని గద్దిస్తుంది, దాన్ని ఎవరూ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించరు. ఆదికాండము 4:4లో హేబెలు తన మందలో తొలిచూలు పిల్లల్ని అర్పణగా తెస్తాడు. తేదీ మాత్రం ఒకటే.

ఆ అంకెలైనా ప్రవక్తలు వేసినవి కావు. ఇప్పటి అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ చేసినదంటారు. కొత్త నిబంధన వచనాల అంకెలు 1551లో రొబేర్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేసినవి. మలాకీ 4:4 హీబ్రూ బైబిల్లో 3:22, అక్కడ మలాకీకి మూడే అధ్యాయాలు. కీర్తన 4:4 అక్కడ 4:5, పైనున్న శీర్షికను కూడా మొదటి వచనంగా లెక్కిస్తారు కనుక.

ఎక్కువమంది తప్పేది పైనా కిందా చదవకపోవడం దగ్గర. నవంబర్ 29న రోజును అధ్యాయంగా పెడితే యిర్మీయా 29:11, మేలు చేస్తానని దేవుడు చెప్పే వచనం, వాగ్దాన కార్డుల మీద కనిపించేదే. బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. పై వచనం చదవండి: బబులోనుకు 70 ఏళ్లు నిండాకే ఆ మేలు. ఇంకాస్త పైన 8వ వచనం, ప్రవక్తల చేత, సోదెగాళ్ల చేత మోసపోవద్దని! దానియేలు 9:2లో దానియేలు లెక్కచూసింది ఆ 70నే. అది వాక్యంలో ఉన్న సంఖ్య, వచనం పక్కన వేసిన అంకె కాదు.

ఇక దొరికిన వచనాన్ని ప్రవచనం అనాలనిపిస్తే, ఏం జరుగుతుందో, ఎప్పటిలోగా జరుగుతుందో ముందే రాసి, కింద ఆనాటి తేదీ వేయండి. జరిగిపోయాక వెతికితే 53లో ఏదో ఒకటి అతుకుతుంది. ద్వితీయోపదేశకాండము 18:22 పెట్టే పరీక్ష ఇదే: చెప్పింది జరగకపోతే అది యెహోవా మాట కాదు.

ధ్యానానికే అయితే ఇంత అవసరం లేదు. డైరీలో 29:11 అని కాక యిర్మీయా 29:1-23 అని రాసుకోండి, తీసినప్పుడల్లా ఉత్తరం మొత్తం కళ్లబడుతుంది.