మెయిల్ నిజంగా ఎక్కడి నుంచి వచ్చిందో హెడర్ చూసి తెలుసుకోవడం ఎలా

బ్యాంకు పేరుతోనో, ఆఫీసులో పైవాళ్ల పేరుతోనో ఒక మెయిల్ వచ్చింది, చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోంది. అలాంటప్పుడు లింకు నొక్కకండి, రిప్లై ఇవ్వకండి, ముందు ఆ మెయిల్ హెడర్, అంటే అది ఏ దారిన వచ్చిందో రాసి ఉండే దాగిన భాగం, తెరిచి చూడండి. పైన ఫ్రమ్ దగ్గర కనిపించే పేరును, అడ్రస్‌ను చూసి మాత్రం నమ్మేయకండి. మెయిల్ పంపడానికి ఇప్పటికీ వాడుతున్న ఎస్‌ఎంటీపీ 1982 నాటిది, పంపేవాడు ఫ్రమ్‌లో ఏం రాసుకున్నా అది నిజమో కాదో ఆ పద్ధతి తనంతట తాను చూడదు. ఉత్తరం కింద ఎవరి పేరుతోనైనా సంతకం పెట్టేయొచ్చు కదా, ఇదీ అంతే.

హెడర్ తెరవడం తేలికే. జీమెయిల్‌లో అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి షో ఒరిజినల్ ఎంచుకోండి. యాహూలో వ్యూ రా మెసేజ్ అని ఉంటుంది. థండర్‌బర్డ్‌లో కంట్రోల్, యు కలిపి నొక్కితే చాలు. విండోస్‌లోని పాత అవుట్‌లుక్‌లో మెయిల్‌ను విడి విండోలో తెరిచి ఫైల్, ప్రాపర్టీస్‌కి వెళ్తే అడుగున ఇంటర్నెట్ హెడర్స్ పెట్టె కనిపిస్తుంది. ఫోన్ యాప్‌లో వెతుక్కుంటూ టైమ్ వేస్ట్ చేసుకోవద్దు, కంప్యూటర్‌లో తెరవడమే హాయి.

తెరవగానే బోలెడంత అర్థంకాని టెక్స్ట్ కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు. అందులో మనకు ముఖ్యమైనవి రిసీవ్డ్ అని మొదలయ్యే లైన్లు. మెయిల్ దాటి వచ్చిన ప్రతి సర్వర్ (మెయిళ్లు చేరవేసే కంప్యూటర్) తన వంతుగా ఒక రిసీవ్డ్ లైన్ రాసి, అప్పటికే ఉన్నవాటి పైన అతికిస్తుంది. అంటే అన్నిటికంటే పైనున్నది మీ సొంత మెయిల్ సర్వీస్ రాసింది, కిందికి వెళ్లేకొద్దీ పంపినవాడికి దగ్గరవుతాం. అందుకే అడుగునున్న రిసీవ్డ్ లైన్ చూడు, అసలు మనిషి దొరుకుతాడు అని చాలామంది చెప్తుంటారు. ఆ సలహాను గుడ్డిగా పాటించొద్దు, ఎందుకంటే మోసం చేసేవాడు మెయిల్ పంపకముందే నాలుగు దొంగ రిసీవ్డ్ లైన్లు తనే రాసి పెట్టుకోవచ్చు, అవి అచ్చం నిజమైనవాటిలాగే అడుగున కూర్చుంటాయి.

కాబట్టి పైనుంచి కిందికి చదవండి. మీ మెయిల్ సర్వీస్‌కి చెందిన సర్వర్లు ఒకదానికొకటి అందించుకున్న లైన్లు ముందు వస్తాయి, అవి దాటాక బయటి సర్వర్ నుంచి మీ సర్వీస్ మెయిల్ అందుకున్న లైన్ ఒకటి ఉంటుంది. మొత్తం హెడర్‌లో అన్నిటికంటే విలువైన లైన్ అదే. అది రాసింది మీ సర్వీసే కాబట్టి నమ్మొచ్చు, దాని కిందివన్నీ అవతలివాడు చెప్పిన మాటలే, నిజం కావచ్చు, కాకపోవచ్చు.

ఆ లైన్‌ను జాగ్రత్తగా విడదీయండి. ఫ్రమ్ తర్వాత వెంటనే వచ్చే పేరు సాధారణంగా అవతలి సర్వర్ తన గురించి తాను చెప్పుకున్నది, అక్కడ ఏ పెద్ద కంపెనీ పేరైనా చెప్పుకోవచ్చు. దాని పక్కన బ్రాకెట్లలో 203.0.113.45 లాంటి ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఒక కంప్యూటర్‌ను గుర్తించే నంబర్, ఉంటుంది చూడండి, అది మీ సర్వర్ స్వయంగా చూసి రాసుకున్నది. మెయిల్ అందాలంటే రెండు సర్వర్ల మధ్య మాటలు అటూ ఇటూ నడవాలి, దొంగ ఐపీ చూపిస్తే జవాబులు వెనక్కి చేరవు, అందుకే దాన్ని మార్చడం పేరు మార్చినంత సులువు కాదు. కింది లైన్లు నమ్మదగ్గవో కాదో తేల్చుకోవాలంటే ఒక లైన్‌లో బై తర్వాత ఉన్న సర్వర్, దాని పై లైన్‌లో ఫ్రమ్ తర్వాత ఉన్న సర్వర్ పొంతన కుదురుతున్నాయా చూడండి, టైమ్ కూడా చూడండి. టైమ్ పోల్చేముందు చివర ఉన్న +0000, -0700 లాంటి తేడాలను ఒకే లెక్కలోకి మార్చుకోవాలి, లేదంటే ఏ తప్పూ లేని మెయిల్ కూడా ఏడు గంటలు వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. 10.తో గానీ 192.168.తో గానీ మొదలయ్యే ఐపీలు, అలాగే 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి లోపలి నెట్‌వర్క్‌లవి, వాటిని వెతికినా ఏమీ తేలదు.

తర్వాత ఆథెంటికేషన్ రిజల్ట్స్ అనే లైన్ పట్టుకోండి. జీమెయిల్ అయితే షో ఒరిజినల్ పేజీ పైనే దీన్ని చిన్న పట్టికలా చూపిస్తుంది. ఎస్‌పీఎఫ్ అంటే, రిటర్న్ పాత్‌లో (మెయిల్ అందకపోతే తిరిగి వెళ్లాల్సిన అడ్రస్‌లో) ఉన్న డొమైన్ (@ తర్వాతి భాగం) తరఫున మెయిల్ పంపే అనుమతి ఆ ఐపీకి ఉందా అన్న తనిఖీ. డీకిమ్ అంటే మెయిల్ మీద ఒక డొమైన్ వేసిన డిజిటల్ సంతకం, మధ్యలో సంతకం చేసిన భాగాన్ని మారిస్తే అది చెల్లదు. ఈ రెండూ పాస్ అయినంత మాత్రాన మీకు కనిపించే ఫ్రమ్ నిజమని కాదు, మోసగాడు తన సొంత డొమైన్‌తో రెండూ పాస్ చేయించుకుని ఫ్రమ్‌లో మీ బ్యాంకు అడ్రస్ పెట్టొచ్చు. ఆ ముడి వేసేది డీమార్క్, పాసైన డొమైన్, ఫ్రమ్‌లో ఉన్న డొమైన్ ఒకటేనా అని అది చూస్తుంది. అందుకని మూడింట్లో ముందు డీమార్క్ చూడండి.

ఇక్కడా తొందరపడొద్దు. వేరే అకౌంట్ నుంచి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ అయి వచ్చిన మంచి మెయిల్‌కి కూడా ఎస్‌పీఎఫ్ ఫెయిల్ రావచ్చు, ఎందుకంటే మధ్యలో ఐపీ మారిపోతుంది. ఇక అన్నీ పాస్ అయినా మోసం ఉండొచ్చు: బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి కొన్న డొమైన్‌కి అన్నీ పాస్ అవుతాయి, హ్యాక్ అయిన అకౌంట్ నుంచి వచ్చినవాటికీ అంతే. అందుకే ఫ్రమ్‌లోని డొమైన్‌ను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి, రిప్లై టు అడ్రస్ వేరేగా ఉందేమో కూడా చూసుకోండి.

ఐపీ దొరికాక హూఈజ్ అనే, ఐపీలు ఎవరివో చెప్పే పబ్లిక్ రికార్డుల్లో వెతికితే అది ఏ కంపెనీకి కేటాయించినదో తెలుస్తుంది. ఆసియా, పసిఫిక్ ప్రాంతాల ఐపీల వివరాలు ఐపీలు పంచే సంస్థల్లో ఒకటైన ఏపీనిక్ దగ్గర, ఉత్తర అమెరికావి చాలావరకు ఆరిన్ దగ్గర, యూరప్‌వి రైప్ దగ్గర ఉంటాయి. కానీ దొరికేది సర్వర్ చిరునామాయే, మనిషి చిరునామా కాదు. జీమెయిల్ వెబ్‌సైట్ నుంచి పంపిన మెయిల్‌లో పంపినవాళ్ల ఇంటి ఐపీ అసలు ఉండదు, గూగుల్ సర్వర్లే కనిపిస్తాయి. మ్యాప్ మీద ఊరు చూపించే సైట్లను నమ్మి ఎవరినో అనుమానించడం చాలా తప్పు, ఆ ఐపీని ఆ టైమ్‌లో ఎవరు వాడారో సర్వీస్ ఇచ్చే కంపెనీ రికార్డుల్లోనే ఉంటుంది, అది చట్టప్రకారం అడిగే అధికారులకు తప్ప మనకు ఇవ్వరు.

మనం చేయగలిగింది ఫిర్యాదు. హూఈజ్‌లో అబ్యూజ్ కాంటాక్ట్ అని ఒక మెయిల్ అడ్రస్ ఉంటుంది, దానికి రాయండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే పాత హెడర్ పోయి మీ హెడర్ వస్తుంది, కాబట్టి ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్ వాడండి, లేదా ఒరిజినల్‌ను డౌన్‌లోడ్ చేసి ఫైల్‌గా జత చేయండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చే ఆలోచన ఉంటే ఇన్‌బాక్స్‌లోని అసలు మెయిల్‌ను డిలీట్ చేయకుండా అలాగే ఉంచండి.