వెలగపండు: పోషకాలు చేజారకుండా తినడం ఎలా?

వెలగపండు గురించి నెట్‌లో వెతికితే చాలాచోట్ల కనిపించే మాట "విటమిన్ సి గని". అదేం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలు చూస్తే, 100 గ్రాముల వెలగ గుజ్జులో విటమిన్ సి 3 మిల్లీగ్రాములే. అదే పట్టికల్లో జామకాయకు 212 ఉంది. సి కోసమైతే జామకాయ తినండి, వెలగపండును వదిలేయండి.

మరి ఎందుకు తినాలి అంటే, ఆ పట్టికలోనే వేరే వరుసలున్నాయి, వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ప్రోటీన్ 7.1 గ్రాములు (యాపిల్‌లో 0.2, జామలో 0.9, పండు అన్నదానికి 7 అంటే మామూలు విషయం కాదు), కాల్షియం 130 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 110, పీచు 5 గ్రాములు, కొవ్వు 3.7, పిండిపదార్థాలు 18, మొత్తం 134 కేలరీలు. కాల్షియం అంకె దాదాపు ఆవుపాలతో సమానం, కాకపోతే పాలలోది ఒంటికి పట్టినంత సులువుగా పండులోది పట్టకపోవచ్చు కాబట్టి పాలు మానేసి దీన్ని పట్టుకోవద్దు. ఐరన్ మాత్రం అర మిల్లీగ్రామే. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది మగవాళ్లకు 19, ఆడవాళ్లకు 29 మిల్లీగ్రాములు. "రక్తం పడుతుంది" అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు అసలు పని. ఈ పోషకాల్లో ఎక్కువ భాగం మన ఇంట్లోనే, మన చేతులతోనే పోతుంది. ఎక్కడ పోతుందో కింద చెప్తాను.

1. ముందు అది వెలగేనా అని చూసుకోండి

మారేడుకీ వెలగకీ తేడా తెలియనివాళ్లు చాలామంది. రెండూ నిమ్మ కుటుంబానివే, రెండింటికీ గట్టి పెంకే. మారేడు పైన నున్నగా ఉంటుంది, పండితే పసుపు తిరుగుతుంది, లోపల నారింజ రంగు గుజ్జు, గింజల చుట్టూ జిగురు. వెలగ పెంకు బూడిద తెలుపులో గరుగ్గా, గోరుతో గీస్తే పొట్టు రాలేలా ఉంటుంది. లోపల గోధుమరంగు గుజ్జు, దాంట్లో చిన్న చిన్న తెల్ల గింజలు లెక్కలేనన్ని. చెట్టు దగ్గరే ఉంటే ఆకు చూడండి: మారేడుకు మూడు రేకులు, వెలగకు ఒకే ఈనెకు అటూ ఇటూ ఐదు, ఏడు చిన్న ఆకులు.

2. ఎత్తి పడేయండి

తమాషా కాదు, నిజంగానే. కాయను గట్టి నేల మీద ఒక అడుగు ఎత్తు నుంచి వదలండి. ఎగిరితే ఇంకా ముదరలేదు. ఎగరకుండా "థడ్" మని కూర్చుంటే ముదిరింది. ముదిరిన కాయ కూడా వెంటనే తినడానికి రాదు, రెండు వారాల దాకా ఎండ తగిలేచోట పెడితే లోపల పండుతుంది. తొడిమ దగ్గర ముక్కు పెడితే ఘాటుగా, పులుపూ తీపీ కలిసిన వాసన రావాలి. ఈ వాసన కొందరికి అస్సలు పడదు, ఆ మాట కూడా దాచక్కర్లేదు.

పెంకు మీద సూదిమొనంత రంధ్రం కనిపించినా, సైజుకు తగ్గ బరువు లేకపోయినా పక్కన పెట్టేయండి. కరి మింగిన వెలగపండు అని ఊరికే అనలేదు, పైకి నిక్షేపంలా ఉండి లోపల డొల్లగా ఉన్నవి నాకే ఎన్నో తగిలాయి.

3. కత్తి పట్టుకోవద్దు

నేను ఒకసారి కొబ్బరికాయే అనుకుని కత్తి మొన గుచ్చి తిప్పాను, కత్తి జారి బొటనవేలికి తెగింది, పండు మాత్రం చెక్కుచెదరలేదు. పండును పాత గుడ్డలో చుట్టి, నడుం భాగం మీద రోకలిబండతోనో రాయితోనో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ చుట్టూ తిప్పండి. ఒకటే పెద్ద దెబ్బ వేస్తే పెంకు ముక్కలై గుజ్జులో కలిసిపోతుంది, తర్వాత పంటికింద తగులుతుంది, పిల్లలకైతే ఇంకా ప్రమాదం. పగులు గీత చుట్టూ తిరిగాక రెండు చేతులతో లాగితే రెండు చిప్పలుగా విడిపోతుంది.

లోపల గోధుమరంగులో, కాస్త తడిగా, చింతపండు ముద్దలా ఉంటే మంచిది. తెల్లగా దూదిలాంటి బూజు, నల్లపొడి, కల్లు వాసన, వీటిలో ఏది ఉన్నా మొత్తం పారేయండి. బాగున్న భాగం గీరుకుని తిందామనే ఆశ వద్దు. గుజ్జు లేత రంగులో ఉండి నోరంతా పట్టేసేంత వగరుగా ఉంటే ఇంకా పండలేదన్నమాట, అది ఎక్కువ తింటే మలబద్ధకం ఖాయం.

4. గింజలు తీసేయకండి (ఇదే ముఖ్యం)

చాలామంది చేసేది ఏమిటంటే, గుజ్జును నీళ్లలో పిసికి, సన్న జల్లెడలో వడకట్టి, చక్కెర కలిపి షర్బత్ చేసి తాగడం. రుచి బాగానే ఉంటుంది. కానీ ప్రోటీన్, కొవ్వు చాలావరకు ఉండేది ఆ చిన్న గింజల్లో, పీచు ఉండేది జల్లెడలో మిగిలిన ముద్దలో. అంటే పండు కొన్న కారణం మొత్తం సింక్‌లోకి పోయి, గ్లాసులో పుల్లటి చక్కెర నీళ్లు మిగిలాయి.

చెంచాతో గుజ్జు గీరి, గింజలతో సహా నమిలి తినండి. నమలాలి, మింగేయకూడదు, ఎందుకంటే నలగని గింజ వెళ్లినట్టే బయటికొస్తుంది. వగరు తట్టుకోలేకపోతే చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం తురుము కలిపి పది నిమిషాలు ఆగండి, రుచి చాలా మారుతుంది. తాగడమే ఇష్టమైతే గుజ్జును గింజలతో పాటు మిక్సీలో మెత్తగా తిప్పి, నీళ్లు కలిపి, వడకట్టకుండా చిక్కగా తాగండి.

చక్కెర విషయంలో ఒక లెక్క: చెంచాకు దాదాపు 20 కేలరీలు. గ్లాసుకు నాలుగు చెంచాలు వేస్తే పండులోని కేలరీల్లో సగం పైన మీరే కలిపినట్టు. షుగర్ ఉన్నవాళ్లు అసలే 18 గ్రాముల పిండిపదార్థాలున్నాయని గుర్తుపెట్టుకుని, పండును ఆ పూట లెక్కలో వేసుకోండి. నిమ్మజాతి పండ్లు పడనివాళ్లు మొదటిసారి ఒక్క చెంచాతో ఆగి చూడండి.

5. మిగిలితే ఉడికించండి, భయం లేదు

మామూలుగా పండ్లను వేడి చేస్తే పోయేది ముందు విటమిన్ సి. ఇందులో అది ఎలాగూ లేనట్టే కదా! కాల్షియం, ఫాస్ఫరస్, పీచు వేడికి ఎక్కడికీ పోవు. పైగా గుజ్జులో పెక్టిన్ 3 నుంచి 5 శాతం ఉంటుంది, జామ్ గడ్డకట్టడానికి కావలసింది అదే. గుజ్జు మునిగేంత నీళ్లు పోసి, సన్నసెగ మీద ఉడికించి, బెల్లం వేసి కలుపుతూ ఉంటే విడిగా పౌడర్లేమీ వేయకుండానే చిక్కబడుతుంది. అడుగు మాత్రం చాలా తొందరగా అంటుతుంది, ఫోన్ పక్కన పెట్టి నిలబడండి.

జామ్ ఓపిక లేకపోతే గుజ్జును ఒక్కో పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెట్టేయండి. రంగు కాస్త నల్లబడుతుంది, దానికి పారేయక్కర్లేదు. కరిగించాక కల్లు వాసన వచ్చినా, నాలుక మీద చుర్రుమన్నా అప్పుడు పారేయండి.