ఇంట్లో ఫొటో స్టూడియో, 3వ పాఠం: ఒక బల్బు, ఒక పంచె, రొయ్యల పెట్టె మూత

పోయిన పాఠంలో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయమన్నాను కదండీ, కొంతమందికి మొహం కాస్త ఆకుపచ్చగా వచ్చుంటుంది, అది కెమెరా తప్పు కాదు, మన కోనసీమలో ఏ కిటికీ తీసినా ఎదురుగా అరటో కొబ్బరో ఉంటుంది, ఎండ ఆ ఆకుల మీద పడి ఆ రంగు పూసుకునే లోపలికొస్తుంది.

అందుకే ఈసారి కిటికీ మూసేసి బల్బుతో చేద్దాం. గదిలో ఉన్న మిగతా లైట్లన్నీ ఆపేయండి. 3000 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే లెక్క, బల్బు డబ్బా మీద ఉంటుంది) పసుపు బల్బు ఒకపక్క, 6500 తెల్ల ట్యూబులైటు ఒకపక్క వెలుగుతుంటే ఒక బుగ్గ పసుపు, ఒక బుగ్గ నీలం, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసే కెమెరా సెట్టింగు) ఎంత తిప్పినా రెండూ ఒకేసారి కుదరవు.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ వాట్సు ఎక్కువుంటే మంచి లైటు అనుకుంటారు, నేనూ అలాగే పెద్ద బల్బు కొని మా పిన్నిని తీస్తే ముక్కు నీడ మీసంలా వచ్చింది, ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నీడ మెత్తగా రావాలంటే కావాల్సింది వెలుగు వచ్చే చోటు పెద్దదవ్వడం. దండెం మీద తెల్ల పంచె ఒక పొర ఆరేసి, దాని వెనక అడుగున్నర దూరంలో ఎల్ఈడీ బల్బు పెట్టండి (హాలోజన్ వద్దు, గుడ్డ అంటుకుంటుంది). ఇక మనకి లైటు అంటే పంచే. అది మనిషికి 45 డిగ్రీలు పక్కగా, కంటికన్నా కొంచెం ఎత్తులో, ఫ్రేములో పడనంత దగ్గరగా ఉండాలి. దూరం రెండింతలు చేస్తే వెలుగు సగం కాదండోయ్, దాదాపు పావువంతైపోతుంది, పైగా నీడ గట్టిపడుతుంది.

మొహం రెండోవైపు చీకటిగా ఉంటే, పంచె వెలుగు తగిలి తిరిగొచ్చేలా ఆ పక్కన తెల్ల థర్మోకోల్ పెట్టండి. రొయ్యలు ప్యాక్ చేసే పెట్టె మూత చాలు, కడిగి ఎండబెట్టాకే సుమా, లేకపోతే మోడల్ కూర్చోదు.

వీడియోలోనో ఫొటోలోనో అడ్డ చారలు వస్తే షట్టర్ (కెమెరా ఎంతసేపు వెలుగు లోపలికి రానిస్తుందో ఆ లెక్క) సెకనులో 1/100 కానీ 1/50 కానీ పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, చవక బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి.

అమ్మకానికి ఆత్రేయపురం పూతరేకులు తీసేవాళ్ళకి మాత్రం ఈ లెక్క తిరగేయాలి. ముందు నుంచి లైటు కొడితే మడతపెట్టిన తెల్లకాగితంలా చచ్చుగా ఉంటాయి. పంచెని రేకుల వెనక్కి, కాస్త పక్కకి జరపండి, మూత ముందు పెట్టండి. ఆ పల్చటి పొరల్లోంచి వెలుగు దూరి ఒక్కో మడతా విడివిడిగా కనిపిస్తుంది, లోపలి బెల్లం నెయ్యి నీడలా తేలుతుంది.

ఈ వారం పని: ఒక కోడిగుడ్డు బల్ల మీద పెట్టి, లైటు పక్కన, ముందు, వెనక పెట్టి మూడు ఫొటోలు తీయండి, తర్వాత పంచె తీసేసి మళ్ళీ మూడు. రెండో లైటు సంగతి 4వ పాఠంలో చూద్దాం, అప్పటిదాకా ఏమీ కొనకండి.